తాగేవాడి వంతు ఎన్నోది? — పడమటి డెల్టాలో నీటి ప్రమాణాల చరిత్ర

ప్రత్యేక సంచికకు ఏదైనా చరిత్ర విషయం రాయమని మన సంఘం కార్యవర్గం వారు కోరారు. దేవాలయాల గురించి, స్వాతంత్ర్యోద్యమం గురించి నాకంటే బాగా రాయగల పెద్దలు మనలో చాలామంది ఉన్నారు. అందుచేత నేను నీళ్ల సంగతి ఎత్తుకుంటున్నాను. పొన్నూరు, నిడుబ్రోలు, తెనాలి, బాపట్ల, రేపల్లె ప్రాంతాల్లో పుట్టి పెరిగి, ఉద్యోగాలు చేసి, ఇక్కడే స్థిరపడిన మనకు కృష్ణ కాలువ గురించి చెప్పబోవడం తాతకు దగ్గులు నేర్పడమే. అయినా ఆ నీటిలో ఎవరి వంతు ముందు, ఎవరి వంతు వెనుక అన్న సంగతిని ఏ కాలపు ప్రభుత్వం ఎలా నిర్ణయించిందో ఒక వరుసలో పెట్టి చూసినవారు తక్కువ. రెవెన్యూ శాఖలో గుమాస్తాగా ముప్పై ఏళ్లకు పైగా కాగితాలు తిరగేసినవాణ్ణి గనుక ఆ దృష్టితోనే రాస్తున్నాను.

మన కాలువ పుట్టింది తాగునీటి కోసం కాదు. 1832–33లో, నందన నామ సంవత్సరంలో, గుంటూరు సీమను డొక్కల కరువు పట్టింది. 5 లక్షల జనాభాలో 2 లక్షల మంది దాకా పోయారని పాత గెజిటీర్లు లెక్క కట్టాయి. జనం పోయారు, దాంతోపాటు కంపెనీవారి శిస్తూ పోయింది. ఆ తర్వాతనే బెజవాడ దగ్గర కృష్ణకు అడ్డకట్ట వేయాలన్న ఆలోచనకు బలం వచ్చింది. కెప్టెన్ ఓర్ ఆధ్వర్యంలో 1852–55 మధ్య ఆనకట్ట పూర్తయింది. సీతానగరం వైపు నుంచి పడమటి కాలువ బయలుదేరి దుగ్గిరాల, తెనాలి మీదుగా పాయలు పాయలుగా విడిపోయి మన పొలాల్లోకి వచ్చింది. దుగ్గిరాల నుంచి పెదగంజాం దాకా పోయే కొమ్మమూరు కాలువ బకింగ్‌హాం కాలువతో కలిసి మద్రాసు దాకా పడవ దారి అయింది. అంటే ఆ రోజుల్లో కాలువకు రెండే పనులు: వరికి నీరు, పడవకు దారి. తాగడమన్న మాట ఆ లెక్కలో లేదు.

కాని జనం తాగారు. తాగక ఏం చేస్తారు? సముద్రం దగ్గరైన కొద్దీ మన నేలలో బావి తవ్వితే చాలాచోట్ల ఉప్పునీరే. బాపట్ల వైపు ఇసుక నేలల్లో చెలమ తీస్తే తియ్యటి నీరు పడుతుంది గాని నల్లరేగడి ఊళ్లకు ఆ భాగ్యం లేదు. అందుకని ఊరూరా మంచినీళ్ల చెరువు. వేసవిలో కాలువ కట్టేసే ముందు దాన్ని నిండా పెట్టుకోవడం, మళ్లీ కాలువ వదిలేదాకా దాంతోనే కాలక్షేపం. కొత్తనీరు వచ్చినప్పుడు బిందెలో ఎర్రటి బురద. చిల్లగింజ అరగదీసి కలిపితే తెల్లవారేసరికి అడుగున తేరుకునేది. చిల్లగింజ లేనివారు పటిక తిప్పేవారు. నీరు కంటికి తేటగా ఉంటే మంచినీరన్నదే ఆనాటి ప్రమాణం. కలరా క్రిమి తేటనీటిలోనూ ఉంటుందని 1884లో రాబర్ట్ కాఖ్ కలకత్తాలో ఒక చెరువు నీటిని పరీక్షించి చూపేవరకు దొరలకూ అంతకుమించి తెలియదు.

చట్టం లేదా అంటే ఉంది. 1860 నాటి ఇండియన్ పీనల్ కోడు 277వ సెక్షను ప్రకారం పదిమందీ వాడుకునే ఊటను గాని, జలాశయాన్ని గాని తెలిసి పాడుచేస్తే 3 నెలల ఖైదో, 500 రూపాయల జరిమానాయో, రెండూనో. 1860లో 500 రూపాయలంటే చిన్న మొత్తం కాదు. అయితే నదిలో పారే నీరు ‘ఊట’ అనే మాట కిందికి రాదని మద్రాసు హైకోర్టు 1881లో తీర్పు చెప్పింది. చెరువును పాడుచేస్తే నేరం, పారేటిదాన్ని పాడుచేస్తే ఆ సెక్షను అంటదు! పారే నీటికి అంటు లేదన్న మన పెద్దల మాటనే హైకోర్టువారు న్యాయభాషలో చెప్పినట్లయింది. 2024 జూలై 1 నుంచి పీనల్ కోడు పోయి భారతీయ న్యాయ సంహిత వచ్చింది. అందులో ఇదే నేరం 279వ సెక్షనుగా ఉంది. ఖైదు 6 నెలలకు, జరిమానా 5 వేలకు పెరిగాయి. ‘ఊట, జలాశయం’ అన్న మాటలు మాత్రం అలాగే ఉన్నాయి.

1920 నాటి స్థానిక సంస్థల చట్టాలు, వాటి తర్వాత 1939 నాటి మద్రాసు ప్రజారోగ్య చట్టం ఒక మంచిపని చేశాయి. ఏ చెరువు తాగడానికి, ఏది స్నానానికి, ఏది బట్టలుతకడానికి అని విడదీసి బోర్డు పెట్టే అధికారం పంచాయతీలకు, మునిసిపాలిటీలకు ఇచ్చాయి. నీటికి ‘వాడకాన్ని బట్టి తరగతి’ అన్న ఆలోచన మన చట్టాల్లోకి అలా వచ్చింది. తాగేవారిలోనే తరగతులున్న కాలమది. ఆచార్య రంగా గారు 1923లో నిడుబ్రోలులో తమ ఇంటి మంచినీళ్ల బావిని హరిజనులకు తెరిచిన సంగతి మన ప్రాంతం గర్వించదగినది. ఆ పని చేయడానికి అప్పట్లో ఎంత గుండె కావాలో ఇప్పటి పిల్లలకు చెప్పినా నమ్మరు. పబ్లిక్ బావుల్లో అందరికీ హక్కు ఉందని మద్రాసు ప్రభుత్వం చట్టం చేసింది 1938లో, అంటే 15 ఏళ్ల తర్వాత.

ఇక కొలతల సంగతి. నీటిలో కంటికి కనపడని చెడుగు ఉంటుందనడానికి మనకు దగ్గరి ఉదాహరణ పొదిలి. తర్వాత అది ప్రకాశం జిల్లాలోకి వచ్చింది గాని అప్పట్లో నెల్లూరు జిల్లా. అక్కడా, దర్శి, కనిగిరి వైపునా మనుషుల పళ్లు గారపట్టి, నడుములు వంగి, కీళ్లు బిగుసుకుపోవడం చూసి, గిండీలోని కింగ్ ఇన్‌స్టిట్యూట్‌కు చెందిన షార్ట్ గారు, ఆయన సహచరులు 1937లో కారణం ఫ్లోరైడు అని ప్రకటించారు. భారతదేశంలో ఫ్లోరోసిస్‌ను మనుషుల్లో గుర్తించిన తొలి నివేదికల్లో అది ముఖ్యమైనది. నీరు మాత్రం తేటగా, తియ్యగానే ఉంటుంది. చిల్లగింజకు లొంగే జబ్బు కాదది. ఆ నీటిని బాగుచేయడానికి పటిక, సున్నం, బ్లీచింగ్ పౌడరుతో ‘నల్గొండ పద్ధతి’ని నాగపూరులోని జాతీయ పర్యావరణ ఇంజనీరింగు పరిశోధన సంస్థవారు తయారుచేసింది 1970ల నడుమ. లీటరుకు 1 మిల్లీగ్రాము మంచిది, వేరే గతి లేకపోతే 1.5 దాకా సరేనన్న అంకె తాగునీటి భారతీయ ప్రమాణం ఐ.ఎస్. 10500లో ఉంది. ఆ ప్రమాణం మొదట వెలువడింది 1983లో. జబ్బు పేరు తెలిసినది మొదలు దేశానికంతటికీ ఒక అంకె వచ్చేదాకా 46 ఏళ్లు! ఈలోగా ఒక తరం నడుము వంగిపోయింది.

ఫ్లోరైడు నేలలోంచి వచ్చేది. మనుషులు కలిపే మురికికి కొలత ఇంగ్లండు నుంచి వచ్చింది. అక్కడ 1898లో మురుగునీటి మీద ఒక రాయల్ కమిషన్ వేశారు. వారి 8వ నివేదిక 1912లో వచ్చింది. మురుగును నదిలో వదిలేటప్పుడు లీటరుకు బి.ఓ.డి. 20 మిల్లీగ్రాములు, తేలియాడే మడ్డి 30 మిల్లీగ్రాములు దాటరాదని అందులో చెప్పారు. బి.ఓ.డి. అంటే నీటిలోని కుళ్లు పదార్థాన్ని సూక్ష్మజీవులు తినడానికి ఎంత ప్రాణవాయువు కావాలో ఆ కొలత. కుళ్లు ఎక్కువైతే నీటిలోని ప్రాణవాయువు అయిపోయి చేప చస్తుంది, నీరు వాసన కొడుతుంది. అయితే ఆ 20, 30 అంకెలకు కమిషన్‌వారు ఒక షరతు పెట్టారు: ఒక వంతు మురుగుకు కనీసం 8 వంతుల శుభ్రమైన నదీజలం ఉండాలి. వానదేశం వారి నదులకు ఆ షరతు చెల్లుతుంది.

మన దేశం ఆ పద్ధతినే తీసుకుని, అంకెను కాస్త సడలించి, నదుల్లో కాలువల్లో వదిలే నీటికి బి.ఓ.డి. 30 అని పెట్టుకుంది. ఆ అంకెలోనే 8 వంతుల శుభ్రజలం దాగి ఉన్నదన్న మాట నెమ్మదిగా మరుగున పడింది. ఏప్రిల్, మే నెలల్లో మన కాలువ ఎలా ఉంటుందో మీకు చెప్పనక్కరలేదు. కట్టేసిన కాలువలో 8 వంతులు కాదు, 1 వంతు కూడా కలిసేది లేదు. అప్పుడు 30 అన్నది 30గానే మడుగుల్లో నిలబడి, జూన్‌లో మొదటి నీటితో పాటు కిందికి దిగుతుంది. కింద ఉన్నది ఎవరు? మనమే. తూము దగ్గర రైతుకు నీరు చాలకపోవడం ఎంత నిజమో, చివరి ఊరికి పైవాళ్ల మురుగు చేరడమూ అంతే నిజం.

1974 మార్చిలో పార్లమెంటు నీటి కాలుష్య నివారణ, నియంత్రణ చట్టం చేసింది. నీరు రాష్ట్రాల అంశం గనుక రాష్ట్రాలు కోరితేనే కేంద్రం చట్టం చేయగలదు. మొదట తీర్మానాలు చేసిన 12 రాష్ట్రాల్లో మనది లేదు. తర్వాత చేరాం. 1976 జనవరిలో ఆంధ్రప్రదేశ్ కాలుష్య నియంత్రణ మండలి ఏర్పడింది. ఈ చట్టంలో ‘ప్రవాహం’ అన్నదానికి నది, వాగు, ఎండినదైనా పారేదైనా, సహజమైనదైనా తవ్వినదైనా, నేలలోని నీరు, సముద్రం అన్నీ వస్తాయి. 1881 నాటి సందు అలా మూసుకుంది. తవ్విన కాలువ కూడా చట్టం కళ్లలో పడింది.

తర్వాత కేంద్ర మండలివారు నీటిని వాడకాన్ని బట్టి ఏ, బి, సి, డి, ఇ అని ఐదు తరగతులు చేశారు. క్రిమిసంహారం ఒక్కటి చేసి తాగదగ్గది ఏ. స్నానానికి బి. వడపోసి, శుద్ధిచేసి, క్రిమిసంహారం చేసి తాగదగ్గది సి. చేపలకు, జంతువులకు డి. పొలానికి, ఫ్యాక్టరీ చల్లబరచడానికి ఇ. బి తరగతికీ సి తరగతికీ బి.ఓ.డి. 3 మించరాదు. కోలిఫారం అనే క్రిముల లెక్క 100 మిల్లీలీటర్లకు బి.లో 500, సి.లో 5,000. ఇ తరగతికి వచ్చేసరికి బి.ఓ.డి. ఊసే లేదు, క్రిముల ఊసే లేదు. ఉప్పు, సోడియం, బోరాన్ చూస్తారు. వరికి క్రిమి వల్ల నష్టం లేదు గదా!

ఏర్పాటు బాగానే ఉంది. ఒక నీటికి ఒకటికంటే ఎక్కువ వాడకాలుంటే అన్నిటికంటే కఠినమైన వాడకాన్నే లెక్కలోకి తీసుకోవాలన్నది దీని మూల సూత్రం. మన కాలువలో ఒకే ఫర్లాంగులో పిల్లలు ఈదుతారు, గేదెలు దిగుతాయి, చాకిరేవు ఉంటుంది, పక్కనే చెరువు తూములోకి నీరు పోతుంది, మిగిలింది పొలానికి. సూత్రం ప్రకారం ఆ కాలువను తాగేవాడి కాలువగా చూడాలి. వ్యవహారంలో 1855 నాటి లెక్కే నడుస్తుంది. కాలువ నీటిపారుదల శాఖది, చెరువు పంచాయతీదో మునిసిపాలిటీదో, పరీక్ష ఇంకొకరిది, కేసు మండలిది.

ఇక్కడ ఒక గుమాస్తా మాట. మన జిల్లా ఆఫీసు మాన్యువల్ ప్రకారం ముగిసిన కాగితానికి ఒక గుర్తు వేస్తాం. ఎప్పటికీ దాచాల్సినవి ఆర్.డిస్., పదేళ్లు ఉంచేవి డి.డిస్., ఏడాది తర్వాత చింపేయదగ్గవి ఎల్.డిస్. నేను పనిచేసిన ఒక కచేరీలో సెంటు భూమి తగాదా ఆర్.డిస్. అయ్యేది. ‘మా ఊరి చెరువు నీరు వాసన వస్తున్నది’ అన్న అర్జీని సంబంధిత శాఖకు పంపి ఎల్.డిస్. చేసేవారు. నియమం ప్రకారం అది తప్పేమీ కాదు. కాని మరుసటి వేసవిలో అదే ఊరివారు మళ్లీ వస్తే, పోయినేడు వచ్చినట్లు చూపే కాగితం ఉండదు. ఒక చెరువు పదేళ్లుగా చెడుతున్నదని చెప్పడానికి పదేళ్ల కాగితాలు కావాలి గదా. ప్రభుత్వ ప్రాధాన్యాలు జీవోల్లో ఉంటాయని అందరూ అనుకుంటారు గాని, నన్నడిగితే రికార్డు రూములో ఏది దాచారో, ఏది చింపారో చూసినా తెలుస్తాయి.

ఊరి మురుగు విషయంలో సుప్రీంకోర్టు 1980 జూలైలో ఒక గొప్ప తీర్పు ఇచ్చింది. మధ్యప్రదేశ్‌లోని రత్లాం మునిసిపాలిటీ తన కాలువలు బాగుచేయడానికి డబ్బు లేదన్నది. జస్టిస్ కృష్ణయ్యర్, మన తెలుగువారైన జస్టిస్ చిన్నపరెడ్డి గార్ల ధర్మాసనం, డబ్బు లేదనడం సాకు కాదు, ప్రజారోగ్యం మునిసిపాలిటీ మొదటి విధి అని తేల్చింది. వినడానికి బాగుంది. 1984 డిసెంబరులో భోపాల్ ఘోరం జరిగాక 1986లో పర్యావరణ పరిరక్షణ చట్టం వచ్చింది. 1988 సవరణతో కాలుష్య మండలికి ఫ్యాక్టరీ మూయించే, కరెంటు తీయించే అధికారం కూడా వచ్చింది. ఫ్యాక్టరీకి కరెంటు తీయవచ్చు. ఊరికి తీయగలరా? మురుగు వదిలేది ఊరైనప్పుడు ముద్దాయి ప్రభుత్వమే, ఫిర్యాదీ ప్రభుత్వమే. అందుకే మన చట్టాల పదునంతా గొట్టం ఉన్న ఫ్యాక్టరీ వైపే తిరిగింది. మన డెల్టాలో కాలువను ఎక్కువగా పాడుచేసేది గట్టుమీది ఊళ్ల మరుగుదొడ్ల నీరూ, చెత్తా. 2017 అక్టోబరులో మురుగుశుద్ధి కేంద్రాలకు కేంద్రం మళ్లీ అంకెలు పెట్టింది. మహానగరాలకు బి.ఓ.డి. 20, మిగతా ఊళ్లకు 30 అన్నది. చిన్న ఊరి కింద తాగేవాడి పొట్ట గట్టిదని కాబోలు! 2019 ఏప్రిల్‌లో జాతీయ హరిత ట్రిబ్యునల్ ఆ తేడా చెల్లదని, అందరికీ 10 ఉండాలని చెప్పింది.

రేపల్లె, నిజాంపట్నం వైపు రొయ్యల చెరువుల కథ వేరే వ్యాసమంత ఉంది. 1990ల మొదట్లో ఆ పిచ్చి ఎలా పట్టిందో మనం కళ్లారా చూశాం. 1996 డిసెంబరు 11న జగన్నాథన్ కేసులో సుప్రీంకోర్టు తీరప్రాంతంలో రొయ్యల చెరువులను కట్టడి చేసింది. 2005లో పార్లమెంటు తీరప్రాంత ఆక్వాకల్చర్ అథారిటీ చట్టంతో వాటికి రిజిస్ట్రేషను దారి చూపింది. తాగే చెరువు పక్కన ఉప్పుచెరువు ఉంటే ఏమవుతుందో ఆ ఊళ్లవారిని అడిగితే చాలు.

తాగునీటిని నిజంగా ముందు పెట్టిన సందర్భం మన తెలుగునేల మీదే ఒకటుంది. హైదరాబాదుకు నీరిచ్చే ఉస్మాన్‌సాగర్, హిమాయత్‌సాగర్ చెరువుల చుట్టూ 10 కిలోమీటర్ల లోపు కాలుష్య పరిశ్రమలు కూడదని 1996 మార్చి 8న 111వ నంబరు జీవో ఇచ్చారు. ఒక నూనె కంపెనీకి ప్రభుత్వమే మినహాయింపు ఇస్తే, కాలుష్య మండలి సుప్రీంకోర్టు దాకా వెళ్లింది. హాని జరుగుతుందని రుజువయ్యేదాకా ఆగనక్కరలేదు, హాని జరగదని చూపే భారం పరిశ్రమదే అని 1999లో కోర్టు చెప్పింది. 2000 డిసెంబరులో ఆ మినహాయింపును కొట్టివేసింది. ఒక ప్రభుత్వ సంస్థ తన ప్రభుత్వ నిర్ణయానికి ఎదురు నిలవడం నా సర్వీసులో నేను విన్న అరుదైన సంగతి. 2022 ఏప్రిల్‌లో తెలంగాణ ప్రభుత్వం 69వ నంబరు జీవోతో 111లోని ఆంక్షలను తొలగించింది. రాజధాని చెరువుకు గీసిన గీతే 26 ఏళ్లకు చెరిగిపోతే, మన ఊరి చెరువుగట్టు సంగతి ఏం చెప్పను?

కాగితం మీద వరుస మాత్రం ఎప్పుడో మారింది. 1987 జాతీయ జలవిధానంలో తాగునీరు ఒకటో స్థానం, సేద్యం రెండు, జలవిద్యుత్తు మూడు, పడవలు నాలుగు, పరిశ్రమలు ఐదు. 2002లోనూ తాగునీరే మొదటిది. అదే ఏడు మన రాష్ట్రంలో వాల్టా చట్టం వచ్చింది. అయితే ఈ వరుస నీరు ఎంత అన్నదానికే గాని, ఎలాంటిది అన్నదానికి కాదు. వేసవిలో చెరువు నింపడానికి కాలువ వదలమని కలెక్టరుగారు ఉత్తర్వు ఇస్తారు. ఫలానా నాణ్యత గల నీరు వదలమని ఇచ్చిన ఉత్తర్వు నా చేతి మీదుగా ఒక్కటీ పోలేదు.

దీని ఫలితం 2018 మార్చిలో గుంటూరులో చూశాం. పాతగుంటూరు, ఆనందపేట వైపు కుళాయి నీటిలో మురుగు కలిసి అతిసారంతో పదిమందికి పైగా చనిపోయారు. కృష్ణ ఒడ్డు జిల్లాలో, 21వ శతాబ్దంలో! ఆ తర్వాత మనలో చాలామంది 20 లీటర్ల క్యాను నీటికి మారారు. అమ్మేవాడు చిన్న మీటరు ముంచి ‘టి.డి.ఎస్. 50 వచ్చింది చూడండి’ అంటాడు. టి.డి.ఎస్. అంటే నీటిలో కరిగిన లవణాలు. ఐ.ఎస్. 10500 ప్రకారం లీటరుకు 500 మిల్లీగ్రాముల దాకా మంచిది, వేరే నీరు లేకపోతే 2,000 దాకా ఓర్చుకోవచ్చు. ఆ మీటరు ఉప్పును చూపుతుందే గాని క్రిమిని చూపదు. అతిసారం తెచ్చేది క్రిమి. అదే ప్రమాణం 100 మిల్లీలీటర్ల నీటిలో ఇ.కోలై ఒక్కటీ కనపడరాదంటుంది. కుళాయి చివర లీటరుకు 0.2 మిల్లీగ్రాముల క్లోరిన్ మిగిలి ఉండాలంటుంది. క్లోరిన్ వాసన బాగాలేదని కుళాయి నీరు మాని, ఏ వాసనా లేని క్యాను నీరు తాగుతున్నాం. ఇది నాకు చిల్లగింజ కాలాన్ని గుర్తుచేస్తుంది.

మన సంఘం ఈ విషయంలో ఒక పని చేయవచ్చు. ఏటా కాలువ కట్టివేతకు ముందు చెరువు నింపే రోజుల్లో, మళ్లీ జూన్‌లో కొత్తనీరు వచ్చిన వారంలో, మునిసిపల్ ఆఫీసులోను, పంచాయతీ ఆఫీసులోను నీటి పరీక్ష ఫలితం నోటీసు బోర్డు మీద పెట్టమని అర్జీ ఇవ్వాలి. ఆ ఫలితాలను ఎల్.డిస్. కింద కాకుండా ఆర్.డిస్. కింద ఉంచమనీ అడగాలి. అర్జీ కాపీ మన సంఘం ఫైలులో ఉంటుంది, మనవాళ్లు చింపరు. జల్ జీవన్ మిషన్ కింద 2021 నుంచి నీటి పరీక్షా కేంద్రాలను స్వల్ప రుసుము మీద ప్రజలకు కూడా తెరిచారు గనుక సొంతంగా పరీక్ష చేయించుకోదలచినవారు చేయించుకోవచ్చు. క్రిమి పరీక్షకు సీసా వారి దగ్గరే తీసుకోవాలి. ఇంట్లోని మందు సీసా పనికిరాదు. కుళాయి మూతి శుభ్రంగా తుడిచి, రెండు మూడు నిమిషాలు నీరు వదిలేసి, సీసా మూత లోపలి భాగం వేలికి తగలకుండా పట్టాలి. ఐసు పెట్టెలో పెట్టి 24 గంటలు దాటకుండా చేర్చాలి. శనివారం సాయంత్రం పట్టకండి, ఆదివారం సెలవు.